వెనక్కి తీసుకున్న సాక్ష్యం

మా ఆయన పోయి రెండేళ్ళు కావస్తోంది. మనిషి పోయాక చెప్పుకోవడానికి ఎవరికైనా ఓ మంచి మాట దొరుకుతుంది. నిద్రలోనే వెళ్ళిపోయాడంటారు, నవ్వుతూ వెళ్ళిపోయాడంటారు. మా ఆయన నొప్పితో పోయాడు. అందులో ఒక నెల నొప్పి నా మూలంగా నోరు మూసుకుని పడ్డాడు. అది రాయడానికే కూర్చున్నాను. తియ్యగా రాయడం నా వల్ల కాదు.

ఆయన నా మేనత్త కొడుకు. బావా అనే పిలిచేదాన్ని. క్రషింగు రోజుల్లో గోవాడ పంచదార ఫ్యాక్టరీకి చెరకు తోలే ట్రాక్టరు నడిపేవాడు. మిగతా రోజుల్లో ఎవరు పిలిస్తే వాళ్ళ పొలం దున్నేవాడు. నేను చోడవరం బస్టాండు వెనక ఒక టైలరింగు షాపులో జాకెట్లు కుడతాను. రెండుసార్లు కడుపు పోయాక నేను ప్రభువును నమ్ముకున్నాను. దాంతో మా వాళ్ళంతా పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ పిలవడం మానేశారు. మా అత్త మాత్రం తన దేవుడి పటాలు తను ఉంచుకుని, నన్ను నా దారిన వదిలేసింది. బావ నా వెంట చర్చికి వచ్చేవాడు. నమ్మి వచ్చేవాడో, ఒక్కదాన్నే నడుస్తానని వచ్చేవాడో నేనెప్పుడూ అడగలేదు. వెనక వరసలో గోడకి ఆనుకుని కూర్చునేవాడు, ఒక్కోసారి కునికేవాడు కూడా.

కడుపులో నొప్పంటే విశాఖ తీసుకెళ్ళాను. స్కాను తీసి కేన్సరన్నారు, బాగా ముదిరిపోయిందన్నారు, ఆపరేషను పనికిరాదన్నారు. నొప్పి తగ్గే మాత్రలు రాసిచ్చి, వేళ తప్పకుండా వెయ్యమన్నారు.

మా కోసం చర్చంతా మూడు రోజులు ఉపవాసం ఉంది. నాలుగో రోజు బావ లేచి కూర్చుని చారన్నం తిన్నాడు. వాంతి కాలేదు. మర్నాడూ కాలేదు. నాకు అది చాలు. మా చర్చిలో పాస్టరుగారి వాక్యానికి ముందు సాక్ష్యాలు చెప్పే వేళ ఒకటుంటుంది. దేవుడు మేలు చేసినవాళ్ళు లేచి మైకు పట్టుకుని చెబుతారు. ఆ ఆదివారం నన్నెవరూ పిలవలేదు, నేనే లేచాను. "దేవుడు నా భర్తను ముట్టాడు, సంపూర్ణంగా స్వస్థపరిచాడు" అన్నాను. చప్పట్లతో చర్చి దద్దరిల్లిపోయింది. ఆడవాళ్ళు నన్ను కావలించుకుని ఏడ్చారు. బావ వెనక వరసలో తల వంచుకుని కూర్చున్నాడు. నేను అది భక్తి అనుకున్నాను.

మాలో ఒక పట్టింపు ఉంది. నయమైందని సాక్ష్యం చెప్పాక ఇక ఆ రోగం పేరు నోటితో ఎత్తకూడదు. ఎత్తితే అపనమ్మకం, వచ్చిన మేలు వెనక్కి పోతుందని భయం. పాస్టరుగారు మందులు మానెయ్యమని ఏనాడూ చెప్పలేదు. ఆ తెలివి నాదే. ఇంటికి రాగానే మాత్రలు తీసి బీరువాలో పెట్టేసి, "నొప్పన్న మాట ఇంక మనింట్లో వద్దు బావా" అన్నాను. "సరే" అన్నాడు. మాటిస్తే ఇచ్చినట్టే ఆ మనిషి.

నెల రోజులు నేను ధీమాగా షాపుకి వెళ్ళొచ్చాను. బావ చిక్కిపోతుంటే నీరసమేలే అనుకున్నాను. ఒకరోజు తువ్వాలు ఉతుకుతుంటే దాని అంచు చిల్లులు పడి పీలికలై ఉంది. ఇంకో తువ్వాలూ అంతే. ఎలకలు పడ్డాయని బోను కొనుక్కొచ్చి మంచం కింద పెట్టాను. వారమైనా ఒక్క ఎలక పడలేదు. నా తెలివి అలా తెల్లారింది.

ఆ బోనులోకి కొత్త కొబ్బరి ముక్క పెడుతుంటే మా అత్త ఇక ఉండబట్టలేకపోయింది.

"ఎలకల్లేవు, ఏటీ లేవు. నువ్వు సాపుకెల్లగానే ఆడు తువ్వాలు నోట్లో కుక్కుకుని పొర్లుతన్నాడు. పక్కింటోల్లు ఇంటారని. నీకు సెప్తే తనమీదొట్టన్నాడు. కన్నదాన్నే, ఎన్నాల్లు సూడమంటావు?"

నాకు ముందు కోపమే వచ్చింది. బావ దగ్గరికి వెళ్ళి, "నాకెందుకు సెప్పలేదు?" అని అరిచాను. ఆయన గోడకేసి చూస్తూ అన్నాడు.

"నువ్వు అందరి ముందరా లేచి సెప్పేసేవు. ఇప్పుడు నొప్పంటే నువ్వు అబద్ధం ఆడినట్టవుద్ది. నేనెలాగూ పోతాను, నాకు తెలుస్తంది. నేను పోయేక నీకున్నది ఆ చర్చోల్లే గదా. మనోల్లెవులూ రారు. ఆల్ల ముందర నిన్ను పలచన సెయ్యమంటావేటి?"

బీరువాలోంచి మాత్రలు తెచ్చాను. మూతి బిగించాడు. "అదేసుకుంటే నయం కాలేదనే గదా. ఒద్దే. ఉన్నన్నాల్లు ఇలాగే గడిపేస్తాను."

బతిమాలాను, తిట్టాను, కాళ్ళు పట్టుకున్నాను. వినలేదు. పెరట్లోకి వెళ్ళి దేవుణ్ణి నిలదీశాను. నయం చెయ్యకపోతే మానేశావు, ఆ రెండు రోజులు చారన్నం ఎందుకు తిననిచ్చావని అడిగాను. జవాబు రాలేదు. ఈ రోజుకీ రాలేదు. నమ్మకం పోయిందా అంటే, పోతే బాగుండునని అనిపించేంత కోపం వచ్చింది గానీ పోలేదు. నా ఏడుపు తీసుకెళ్ళడానికి నాకు ఇంకో చోటు లేదు.

ఆదివారం సాక్ష్యాల వేళకి మళ్ళీ లేచాను. మైకు అందిస్తున్న ఆమె ఇంకో మేలు చెబుతాననుకుని నవ్వింది.

"నెల కిందట నేను చెప్పింది నిజం కాదు. నా భర్తకి నయం కాలేదు. చచ్చిపోతున్నాడు. నొప్పి అనకుండా నేనే నోరు మూయించాను. నా సాక్ష్యం వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాను.

తబలా వాయించే అతను చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ముందు వరసలో ఒకావిడ "అపనమ్మకం, అపనమ్మకం" అని గొణిగింది. ఆవేళ నన్ను కావలించుకుని ఏడ్చిన మనిషే. పాస్టరుగారు నా వైపు వస్తుంటే మైకు లాక్కుంటారనుకున్నాను. "నేనూ ఆ రోజు సప్పట్లు కొట్టేను తల్లీ. ఇంటికొచ్చి ఒకసారి సూడాల్సింది" అన్నారు. ఆ సాయంత్రం నుంచి చివరిదాకా రోజూ వచ్చారు. నేను మాత్రం వాక్యం వినకుండానే చెప్పులేసుకుని ఎండలో ఇంటికి నడిచాను.

బావ మంచం మీద ముడుచుకుని ఉన్నాడు.

"సెప్పీసేను బావా. నయం కాలేదని అందరి ముందరా సెప్పీసేను."

"మైకులోనా?"

"మైకులోనే."

"ఏటన్నారు?"

"ఏటంటే నీకేటి? ఇంక నువ్వు దాసడానికి నా పరువేటీ మిగల్లేదు. అరిసీ బావా. గట్టిగా అరిసీ."

నిజమో కాదో అని నా ముఖంలోకి చూశాడు. తర్వాత నోరు తెరిచాడు. పద్నాలుగేళ్ళ కాపురంలో నేను ఆ గొంతు వినలేదు. వీధిలో జనం గుమ్మం దాకా వచ్చేశారు. మా అత్త తలుపు వెయ్యబోతే వద్దన్నాను. మాత్ర నాలుక మీద పెడితే మింగాడు. అది పని చేసేదాకా తల నా ఒళ్ళోనే పెట్టుకున్నాను. మధ్యలో ఒకసారి ఊపిరి కోసం ఆగాడు. నా వైపు కాదు, పైకి చూశాడు.

"అయ్యా, నొప్పెడతందయ్యా. శానా నొప్పెడతంది" అన్నాడు.

నయం చెయ్యమని అడగలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, అంతే. నేను ఆమేన్ అన్నాను.