పొంగురొట్టె

పొద్దున్నే ఓవెన్‌లో ఇనుప మూకుడు కాగుతోంది. అందులో వెన్న కరిగి చిటపటలాడి, ఆ కమ్మటి వాసన వంటిల్లంతా నిండింది. ఈ వాసన వచ్చిందంటే నాకు కాలు ఒకచోట నిలవదు, ఎవరినో ఒకరిని పిలవాలనిపిస్తుంది. కానీ ఈరోజు మా అమ్మాయి లాస్య ముందే నా నోటికి తాళం వేసింది. సాయంత్రం దానికి జిల్లా ఖోఖో జట్టు ఎంపిక ఉంది. "ఎవరికీ చెప్పకమ్మా, సెలెక్ట్ అయ్యాక చెబుదాం" అంది. అచ్చం ఒకప్పటి నా మాటే! కళావతక్క వింటే ఏమంటుందో తలచుకుని, ద్రాక్షపళ్లు కోస్తూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

కళావతక్క మేడ్చల్‌లో మేం కొత్తగా దిగిన అపార్ట్‌మెంట్‌లో మా ఎదురింటావిడ. బస్ డిపో దగ్గర జాకెట్లు కుట్టే దుకాణం నడిపేది. మనిషి పొట్టి, గొంతు మాత్రం మూడంతస్తులకూ వినబడేది. మాది తెనాలి. మంచి వార్త ఖాయమయ్యేదాకా నోరు మెదపకూడదు, దిష్టి తగులుతుందని మా అమ్మ చెప్పేది. పాలు పొంగు రాకముందే మంట తగ్గించమన్నట్టే, సంతోషం వచ్చినా తగ్గించుకోమని నేర్పింది. నేనూ బుద్ధిగా తగ్గించుకుంటూ పెరిగాను.

అక్క ఓవెన్ కొన్న మర్నాడు పొద్దున్నే మా తలుపు దబదబా బాదింది.

"జల్దీ రా! గిది పొంగుతాంది!"

స్టవ్ మీద పప్పుంది, అయ్యాక వస్తానన్నాను.

"అయినంక వస్తే ఏం జూస్తవ్? అప్పటికి అణిగిపోతది!" అంటూ పప్పు కింద మంట ఆర్పేసి మరీ చెయ్యి పట్టి లాక్కెళ్లింది.

ఫోన్‌లో ఏదో వీడియో చూసిందట. గుడ్లు, పాలు, మైదా, కాస్త పంచదార గిలక్కొట్టి, ఆ పల్చటి పిండిని సలసల కాగే వెన్నలో పోసి, మీద శామీర్‌పేట వైపు తోటల నల్లద్రాక్ష, అరటిపండు ముక్కలు వేసి ఓవెన్‌లో పెట్టింది. ఇద్దరం అద్దం ముందు గొంతుకూర్చున్నాం. అంచులు లేచాయి, మూకుడు దాటి పైకెక్కాయి, మధ్యలో పెద్ద బుగ్గ పొంగి బంగారు రంగు తిరిగింది. అక్క ఈల వేసింది! వీడియోలో చెప్పిన పాన్‌కేక్ అన్న పేరు ఆవిడ నోట ఒక్క పూట కూడా నిలవలేదు. పొంగురొట్టె అంది, అదే ఖాయమైంది. తీరా బయటికి తీయగానే అది ఉస్సుమని కుంగిపోయింది.

"అయ్యో, పాడైపోయిందక్కా!" అన్నాను.

"పాడేంది? పొంగినప్పుడు జూసినవా లేదా? కొత్తింట్లకు వచ్చిననాడు పాలు పొంగిస్తం. అయ్యో, ఒలికినయని ఏడుస్తమా? ఇగ తిను!"

అంచులు కరకర, లోపల మెత్తన, పంటికింద పగిలే పుల్లటి ద్రాక్ష. నాలుక కాలినా ఆగలేదు నేను.

ఫుడ్ టెక్నాలజీ చదివి, పెళ్లయ్యాక ఇంట్లోనే ఉండిపోయిన రోజులవి. దూలపల్లిలో ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఈ ఉద్యోగం రాకపోతే నా చదువు మీద నాకే నమ్మకం పోతుందని భయం. మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇస్త్రీ చీర చూసి అక్క పసిగట్టేసింది.

"వచ్చాక చెబుదామనీ..." నసిగాను.

"వచ్చినంక అందరు సప్పట్లు గొడ్తరు. రాకముందు నీతోని ఎవరుంటరు?"

సాయంత్రానికి అపార్ట్‌మెంటంతా తెలిసిపోయింది. నాకు ఒళ్లు మండింది. పైగా ఉద్యోగం రాలేదు! సిగ్గుతో తలుపేసుకుని కూర్చున్నాను. మర్నాడు మళ్లీ దబదబ.

"జల్దీ రా! పొంగుతాంది!"

వెళ్తే ఇరుగుపొరుగంతా అక్కడే ఉన్నారు. ఎవ్వరూ నన్ను ఓదార్చలేదు. ఫ్యాక్టరీ వాళ్లను నాలుగు తిట్టి పళ్లాలు చాపారు. నాకు నవ్వాగలేదు. తింటూ తింటూ పై అంతస్తు బాబాయిగారు, సుచిత్ర చౌరస్తాలో తనకు తెలిసిన బేకరీకి చదువుకున్న మనిషి కావాలట, వెళ్తావా అమ్మా అన్నారు. ఎగిరి గంతేశాను. ఇప్పటికీ ఆ బేకరీలోనే పని చేస్తున్నాను. నేను ఉద్యోగం కోసం చూస్తున్నానని ఆయనకు అక్క చెప్పబట్టే తెలిసింది.

అక్క ఇప్పుడు శామీర్‌పేటలో సొంతిల్లు కట్టుకుని వెళ్లిపోయింది. ఫోన్‌లో రోజూ మాట్లాడుకుంటాం. అయినా పొద్దున్నే ఎవరూ తలుపు బాదకపోవడం నాకు పెద్ద వెలితి.

"అమ్మా, లేస్తోంది!" లాస్య ఓవెన్ అద్దానికి ముక్కు ఆనించినంత పని చేసింది.

"వెళ్లి అందరినీ పిలువు."

"పిలుస్తా. కానీ ఖోఖో సంగతి చెప్పను. సెలెక్ట్ కాకపోతే?"

"కాకపోతే రేపు పొద్దున మళ్లీ పిండి కలుపుతా. మళ్లీ అందరినీ పిలుద్దాం."

అది నా వంక చూసింది, అద్దం వంక చూసింది. లోపల బుగ్గ మూకుడు దాటి పొంగుతోంది. ఒక్క పరుగున బయటికి పోయింది. తలుపులు దబదబా బాదుతున్న చప్పుడు.

"ఆంటీ! జల్దీ రండి, పొంగుతోంది!" మెట్ల మీద పరుగు చప్పుడు. తర్వాత మూడంతస్తులకూ వినబడేలా, "సాయంత్రం నాకు ఖోఖో సెలెక్షన్ కూడా ఉంది!"