సముద్రంలో తవుడు ఉండలు

తిరువూరు ప్రాంతపు చెరువుకట్టల ఎత్తును సముద్రమట్టం నుంచి లెక్కగట్టి, రెండు దశాంశాల వరకు పుస్తకంలో రాయడం నా ఉద్యోగం. డెబ్బయ్యో దశకంలో, నీటిపారుదల శాఖలో సూపర్‌వైజరుగా చేరిన తొలి ఐదేళ్లలోనే అలాంటి అంకెలు కొన్ని వేలు రాసి ఉంటాను. ఆ సముద్రాన్ని మాత్రం ఒక్కసారే చూశాను. పెళ్లయిన మూడో రోజున బందరులో మా అత్తవారు తీసుకెళ్లారు. నా భార్య మోకాలి లోతుకు వెళ్లి అలలతో ఆడుకుంది. నేను ఒడ్డున ఇద్దరి చెప్పులూ పట్టుకుని నిలబడ్డాను.

మరుసటి వేసవిలో ఆమెకు మూడో నెల. వేవిళ్లు తీవ్రంగా ఉండేవి, ఏది తిన్నా నిలిచేది కాదు. ఐదు వారాల్లో నాలుగు కిలోలు తగ్గింది. ఇంకో కిలో తగ్గితే బెజవాడ తీసుకెళ్లి సెలైను ఎక్కించాల్సిందేనని నర్సమ్మ గట్టిగా చెప్పింది. డిప్లొమా చదివినవాడిని కనుక నాకు చేతనైన సాయం చేశాను. గ్రాఫు కాగితం మీద అడ్డంగా గంటలు, నిలువుగా వాంతుల సంఖ్య వేసి, రోజుకో రంగు గీత గీసి, ఆమె మంచానికి ఎదురుగా గోడకు అంటించాను. "ధైర్యంగా ఉంటే తగ్గుతుంది" అని ఉదయం సాయంత్రం బోధించాను. కొన్నాళ్లకు ఆమె ఆ గోడకు వీపు పెట్టి పడుకోవడం మొదలుపెట్టింది. నేను దాన్ని 'నీరసం' అని నమోదు చేశాను.

ఒక సాయంత్రం తనే అంది: "వంజరం ముక్కలు మామిడికాయ వేసి పులుసు పెడితే తినగలనేమో అనిపిస్తోందండీ. మా అన్నయ్యకు ఉత్తరం రాయండి. కొని, ఐసులో పెట్టి పంపిస్తాడు."

మామిడికాయకు మా వైపు కొరత లేదు. సముద్రపు చేప మాత్రం తిరువూరికి ఎండుచేపగానే చేరేది. రాయాల్సింది ఒక్క కార్డు ముక్క. నేను రాయలేదు.

"కొనడమెందుకు? నేనే వెళ్లి పట్టుకొస్తాను."

బియ్యం ఏరుతున్న మా అమ్మ చేట దించింది. "సముద్రంలోనా?"

"చెరువులో కొర్రమీను పట్టినవాడికి సముద్రమైతే ఏంటమ్మా? అవీ నీళ్లే కదా."

"నీళ్లేరా. కాస్త ఎక్కువుంటాయి."

నా ఏర్పాట్లు శాస్త్రీయంగానే సాగాయి. టీ పెట్టె ఒకటి సంపాదించి, లోపల నాలుగంగుళాల మందాన రంపపుపొట్టు కూరి, బందరు నుంచి బెజవాడ మీదుగా ఇల్లు చేరేలోపు ఐసు ఎంత కరుగుతుందో లెక్క వేశాను. ఇక మేత. మా చెరువుల్లో గాలం వేసేవాళ్లు ముందుగా వేయించిన తవుడులో బెల్లం కలిపి, ఉండలు కట్టి, ఒకేచోట నీళ్లలో వేస్తారు. వాసనకు చేపలు చేరతాయి. అప్పుడు బెండు వదిలి, దగ్గు కూడా ఆపుకుని కూర్చోవాలి. నేను రెండు కిలోల ఉండలు కట్టి డబ్బాలో సర్దాను.

బందరులో ఒక ఇంజను పడవను రోజు కిరాయికి మాట్లాడుకున్నాను. నడిపేవాళ్లు ఒక పెద్దాయన, ఆయన తమ్ముడు. తెల్లవారకముందే బయలుదేరాం.

"ఆ డబ్బాలో ఏంటి సారూ?" అన్నాడు పెద్దాయన.

"తవుడు ఉండలు. చేపలకు."

తమ్ముడు చుక్కాని దగ్గరి నుంచి కేకేశాడు: "సముద్రానికి కుడితి పెడతారంట అన్నా!"

రెండు గంటల్లో తీరం కనుమరుగైంది. నేను థర్మామీటరు ముంచి చూస్తే నీరు ఇరవైతొమ్మిది డిగ్రీలుంది. ఆ అంకె దేనికీ పనికిరాలేదు. పెద్దాయన పడవ వెనక ఎర కట్టిన గాలం తాడు వదలబోతుంటే ఆపాను.

"ముందు ఇంజను ఆపండి. చప్పుడుకు చేప బెదురుతుంది."

"వంజరం పరిగెత్తేదాని ఎంటబడుద్ది సారూ. పడవ ఆగితే ఎర కూడా ఆగిపోద్ది."

"కిరాయికి తీసుకుంది నేను" అన్నాను. అంతకంటే బలమైన శాస్త్రీయ వాదన నా దగ్గర లేదు.

ఇంజను ఆగింది. ఉండలు వదిలాను. అవి విడిపోయి, గోధుమరంగు చారగా మారి, నన్ను వదిలి వెళ్లిపోయాయి. ఆగిన పడవ ఇటూ అటూ ఒరగడం మొదలుపెట్టింది. ఒక్కో ఊపుకు ఆరు సెకన్లు. తొమ్మిదో ఊపు తర్వాత కొలిచే స్థితిలో లేను. పడవ అంచు పట్టుకుని, పొద్దున తాగిన కాఫీని, ఆ తర్వాత రాత్రి భోజనాన్ని, తవుడు వెళ్లిన దారినే పంపించాను.

"ఇంజను... పెట్టండి" అన్నాను.

పెద్దాయన నా వీపు నిమిరాడు. "ఏం కాదు సారూ. ధైర్యంగా ఉంటే తగ్గుద్ది."

ఐదు వారాలుగా నేను పంచుతున్న మందు అదే. ఎంత పనిచేస్తుందో అప్పుడు తెలిసింది. ఎదురుగా ఎవరైనా గ్రాఫు వేలాడదీసి ఉంటే ఆ మనిషిని సముద్రంలోకి తోసేవాణ్ణి.

పడవ కదిలాక, నేను వలల మీద పడి ఉండగా, వంజరం పడింది. "తాడు మీద ఒక చెయ్యెయ్యండి సారూ, మీరే పట్టినట్టు ఉంటది" అన్నాడు పెద్దాయన. చెయ్యి చాపాను. కానీ వెంటనే ఆ చెయ్యి పడవ అంచుకు అవసరమైంది.

తిరువూరు బస్సులో కండక్టరు నా కాళ్ల దగ్గర చూసి, "పెట్టె కారుతోంది, ఏంటండీ?" అన్నాడు. "వంజరం" అన్నాను. "మీరూ కారుతున్నట్టే ఉన్నారు. కిటికీ పక్కకు జరగండి."

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. ఐసు నా లెక్క కంటే ఎక్కువే మిగిలింది. ఆనాటి నా లెక్కల్లో మేలు చేసిన తప్పు అదొక్కటే. అమ్మ చేపను తీసుకుని పెరట్లోకి వెళ్లింది. నా భార్య మంచం మీదే లేచి కూర్చుని నా ముఖం చూసింది.

"మీరే పట్టారా?"

దారి పొడవునా ఒక జవాబు సిద్ధం చేసుకున్నాను. అది నోట రాలేదు. "లేదు. పడవ పెద్దాయన పట్టాడు. నేను వాంతులు చేసుకున్నాను."

"ఎన్ని?"

"లెక్కపెట్టలేకపోయాను."

"అయ్యో, గ్రాఫు ఎలా గీస్తారు మరి?"

ఐదు వారాల తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. నేను గోడమీది కాగితం ఊడదీసి మడిచాను.

అమ్మ పులుసన్నం కలిపి తెచ్చింది. ఆమె ఒక ముద్ద తింది. మరో ముద్ద తింది. తిన్నది నిలుస్తుందో లేదో మామూలుగా పది నిమిషాల్లో తేలిపోయేది. అమ్మ చేతిలో పళ్లెం కదలలేదు. నా ఎడమ మణికట్టు దానంతటదే పైకి లేచింది.

"ముందు ఆ గడియారం తీసెయ్యండి" అంది ఆమె.

విప్పి టీ పెట్టెలో, రంపపుపొట్టు మీద పెట్టాను. ముగ్గురం ఎదురుచూస్తూ కూర్చున్నాం. అలా ఎంతసేపు గడిచిందో నా దగ్గర ఏ నమోదూ లేదు.

"ఇంకో ముక్క వెయ్యండత్తయ్యా" అంది ఆమె.