చిన్న ఇంజన్

ఆత్మకూరులో మా నాయన ఆయిల్ ఇంజన్లు బాడుగకిచ్చేవాడు. తొంభైల్లో, పరిశోధన చేస్తున్నానని చెప్పుకుంటూ నేను వేసవికి ఇల్లు చేరేసరికి అంగట్లో రెండే మిగిలాయి. పెద్దది గట్టు మీదే పెట్టాలి, లోతు నీళ్లు దానికందవు. చిన్నదాన్ని మోకులు కట్టి బావి లోపలి అరుగు మీదికి దింపొచ్చు. ఎవరొచ్చినా నాయన ముందడిగే మాట ఒకటే: "నీళ్లెంత లోతులో ఉండాయి?"

నా పరిశోధన కూడా దాదాపు ఇదే. మనుషులు ఒక్కొక్కరుగా వస్తారు. తర్వాత ఎవరొస్తారో తెలియదు. ఉన్నవాటిలో ఎవరికేది ఇవ్వాలో అప్పటికప్పుడే తేల్చాలి. ముందుగా చీటీలు వేసి వస్తువులకు వరుస పెట్టుకుని, దానికే కట్టుబడితే సగటున మేలని నిరూపణ ఉంది. బేరాల మధ్య పెరిగినవాణ్ణి, నాలుగు సూత్రాలు వచ్చేసరికి నాయనకే వ్యాపారం నేర్పబోయాను.

నాయన సామాన్లకు నెల్లూరు వెళ్లిన రోజు చీటీలు వేశాను. చిన్నది ముందొచ్చింది. పొద్దున్నే వచ్చిన సంగం రైతుకు కాలవ నీళ్లు తోడాలి, ఏదైనా సరిపోతుంది. వరుస ప్రకారం చిన్నదే ఇచ్చాను. బాడుగ గీచి గీచి బేరమాడి, గెలిచానని మురిశాను కూడా.

మధ్యాహ్నం ఉదయగిరి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. తొలికాపు నిమ్మతోట, నీళ్లు బావి అడుక్కి పోయాయి, చెట్లు మహా అయితే రెండు మూడు రోజులు ఆగుతాయన్నాడు. పెద్ద ఇంజన్ చూపించాను. దాని చక్రం మీద చెయ్యి వేసి, తీసేశాడు.

"ఎండాకాలం చిన్నదాన్ని మీ నాయన మాకోసరం అట్టిపెడతాడే, అబ్బాయా. చెప్పలేదా నీకు?"

చెప్పాడు. రేపెవరొస్తారో ఎవరికి తెలుసులెమ్మన్నది నేనే.

సాయంత్రం బస్సుకు సంగం వెళ్లి, పెద్దది తీసుకుని చిన్నది ఇమ్మని ఆ రైతును బతిమాలాను.

"పొద్దున అంత బేరమాడి ఇచ్చినావు గదా. మడి తడిసినాకే ఇస్తా," అన్నాడు. నా బేరం ఒక్కటీ పారలేదు.

ఆరో రోజు, సంగం రైతు వదిలాక, చిన్న ఇంజన్‌ను నేనే ఉదయగిరి వైపు తీసుకెళ్లాను. తోటలో ఆకు లేదు. కొమ్మ గిల్లితే లోపలా పచ్చదనం లేదు. పెద్దాయన ఇంజన్ బావిలోకి దింపించి, ఎండిన చెట్లకే ఒక్కో పాదుకీ నీళ్లు పెట్టాడు, ఒక్కటీ వదలకుండా.

ఆ నిరూపణనే ఇంకొంచెం ముందుకు జరిపి పట్టా తెచ్చుకున్నాను. లెక్కలో తప్పు లేదు. "తర్వాత వచ్చేవాడు" అని రాసిన ప్రతిచోటా మాత్రం ఆ బావిలో ఇంజన్ ఆడుతూనే ఉంటుంది, పాదుల్లోకి నీళ్లు పారుతూనే ఉంటాయి.