మేలుకోని గురుబరపల్లి సర్వర్

2003 ఏప్రిల్‌లో, హోసూరులో పంపులు తయారుచేసే ఒక కంపెనీలో సిస్టమ్స్ అసిస్టెంట్ మేనేజర్‌గా ఉన్న నాకు డిపోల బాధ్యత అప్పగించారు. కృష్ణగిరి దాకా ఐదు డిపోలు, ఒక్కోదానికి ఒక సర్వర్, అన్నిటికీ కలిపి నేనొక్కణ్ణి. మదనపల్లె నుంచి వచ్చి అప్పటికి ఆరేళ్లు. పని వచ్చునన్న పొగరుకూ ఆరేళ్లే.

డిపోల్లో రాత్రిపూట ఏసీ ఉండదు కనుక సాయంత్రం ఆరింటికి ఆపరేటర్ సర్వర్‌ను ఆపి ఇంటికి వెళ్లాలి. పొద్దున ఆరింటికి హోసూరు నుంచి మేము నెట్‌వర్క్ మీద ఒక సంకేతం పంపితే అది లేవాలి. యంత్రం ఆగి ఉన్నా, దాని నెట్‌వర్క్ కార్డు మాత్రం ఒక చెవి ఇటు వేసి ఉంచుతుంది. కార్డు వెనక వెలిగే చిన్న పచ్చ దీపమే దానికి గుర్తు. ఏడున్నరకు లారీలు కదలాలంటే గోడౌన్ ప్రింటర్‌కు లోడు చీటీలు ఆ సర్వర్ నుంచే రావాలి.

గురుబరపల్లి సర్వర్ మాత్రం వారానికి రెండు మూడు రోజులు లేచేది కాదు. అక్కడి రూటర్ పలికేది, అంటే లైనూ ఉంది, కరెంటూ ఉంది. సర్వరే ఉలకదు పలకదు. సర్వర్ గది తాళం ఉన్న ఆపరేటర్ రత్నమ్మ ఎనిమిదింటికి వచ్చి బటన్ నొక్కితే ఏమీ ఎరగనట్టు లేచేది. అప్పటిదాకా లారీలు నిలిచిపోయేవి. రెండుసార్లు పొద్దున బస్సులో వెళ్లి కార్డు ఒకసారి, కేబుల్ ఒకసారి మార్చి మధ్యాహ్నానికి తిరిగొచ్చాను. ఫలితం లేదు. తల ప్రాణం తోకకొచ్చింది.

రత్నమ్మ ఆ ఊరి రైతు కుటుంబంలోని అమ్మాయి. కృష్ణగిరిలో కంప్యూటర్ కోర్సు చేసి ఏడాది ప్రొబేషన్ మీద చేరింది. వైర్లేమైనా కదిలించావా అని ఫోన్‌లో అడిగితే లేదంది. నేను నమ్మలేదు. మా ఫాల్ట్ రిజిస్టర్‌లో ‘కారణం’ అని ఒక గడి ఉండేది. అందులో ‘ఆపరేటర్ నిర్లక్ష్యం కావచ్చు’ అని రాసి సంతకం పెట్టాను. ‘కావచ్చు’ అన్నాను కదా, న్యాయంగానే రాశానని మురిసిపోయాను కూడా.

నెలాఖరులో ఆమె ఉద్యోగం ఖాయంచేసే ఫైలు మా మేనేజర్ ముందుకు వెళ్లింది. ఆయన తమిళాయన, మితభాషి. నన్ను పిలిచి, రిజిస్టర్‌లో నువ్వు రాసింది చూశాను, సోమవారం నుంచి వేరే మనిషిని పెడతాను, చెప్పేదేమైనా ఉందా అని అడిగారు. ఒకసారి చూసి వస్తానన్నాను. ఆమె మీద జాలితో కాదు. కొత్త మనిషి వచ్చాక కూడా సర్వర్ లేవకపోతే నా పరువేం కావాలని.

శుక్రవారం సాయంత్రం మొదటిసారి డిపో మూసే వేళకు అక్కడున్నాను. పొలాలకు సాయంత్రం వంతు వారానికి రెండు మూడు రోజులేనట; ఆ రోజు ఐదున్నరకు త్రీఫేజ్ కరెంటు వదిలారు. చుట్టుపక్కల బోరు మోటార్లన్నీ ఒక్కసారే అందుకున్నాయి. ట్యూబ్‌లైటు మిణుకుమంది, యూపీఎస్ కుయ్ కుయ్‌మని మొదలుపెట్టింది. రత్నమ్మ గబగబా లేచి యూపీఎస్ బటన్ నొక్కి, గోడమీది మెయిన్ కిందికి దించేసింది. నడుస్తున్న సర్వర్ ఉన్నపళంగా ఆగిపోయింది. ఏం చేస్తున్నావని గట్టిగానే అరిచాను.

ఆమె బెదరలేదు. “కరెంటు ఇంత సన్నగా వస్తే మోటారు కాలిపోతాది సార్. మా తోటలో రెండుతూర్లు కాలింది. ఆడ కాలితే మా నాయన మళ్లా తీగ చుట్టించుకుంటాడు. ఈడ ఈ పెట్టె కాలిపోతే యాడికి పోయేది? దానికే దించేసినాను.”

పావుగంటకు కరెంటు నిలదొక్కుకుంది. ఆమె మెయిన్ ఎత్తి, యూపీఎస్ వేసింది. రూటర్ వెలిగింది. ఆ రోజు పని అయిపోయింది కనుక సర్వర్‌ను మళ్లీ లేపలేదు. నేను వంగి దాని వెనక చూశాను. కార్డు దీపం ఆరిపోయి ఉంది.

అప్పుడు బుర్రకెక్కింది. సర్వర్‌ను పద్ధతిగా ఆపితే, ఆగేముందు సాఫ్ట్‌వేర్ ఆ కార్డుకు మేలుకుని ఉండమని చెప్పి పోతుంది. ఉన్నట్టుండి కరెంటు తీసేస్తే ఆ మాట చెప్పే అవకాశం ఉండదు. కరెంటు తిరిగొచ్చినా కార్డు నిద్రలోనే ఉంటుంది. రూఢి చేసుకోవడానికి రెండు విధాలా ఆపి చూశాను. హోసూరులోని సహోద్యోగి చేత సంకేతం పంపిస్తే, పద్ధతిగా ఆపినప్పుడు లేచింది, మెయిన్ దించి ఎత్తినప్పుడు లేవలేదు.

ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని రత్నమ్మను అడిగాను.

“వైరు ముట్టినావా అని అడిగినారు, ముట్టలేదన్నాను. మెయిను సంగతి ఎవురూ అడగలేదు సార్. మంచికే కదా చేస్తా ఉండేదని నేనూ చెప్పలేదు.”

నాకు తల కొట్టేసినట్టయింది. డిపోల బాధ్యత తీసుకున్న కొత్తలో, హోసూరుకు పిలిపించి ఆమెకు ఈ పని నేర్పింది నేనే. సర్వర్‌ను ఎలా లేపాలో, ఎలా ఆపాలో చూపించాను. వోల్టేజీ పడితే యూపీఎస్ పది నిమిషాలు మోస్తుందని, ఆ లోపల పద్ధతిగా ఆపుకోవచ్చని చెప్పలేదు. అయినా ‘శిక్షణ పూర్తి’ అని కాగితం మీద టిక్కు పెట్టేశాను.

ఆ సాయంత్రమే కరెంటు తిరిగి రాగానే సర్వర్ దానంతటదే లేచేలా బయాస్‌లో, అంటే యంత్రం లేచేటప్పుడు మొదట చూసుకునే అమరికల్లో, మార్చాను. అలా లేస్తే మళ్లీ పద్ధతిగా ఆపుకోవచ్చు. యూపీఎస్ అరిస్తే ముందు సర్వర్, ఆ తర్వాతే మెయిన్ అని తమిళంలో, తెలుగులో రాసి గోడకు అంటించాను. రత్నమ్మ నా ముందే ఒకసారి చేసి చూపించింది. రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది.

సోమవారం పొద్దున్నే మేనేజర్‌కు జరిగింది చెప్పి, రిజిస్టర్‌లో నా వాక్యం కొట్టేస్తానన్నాను. సంతకమైన దాన్ని కొట్టేయకూడదు, కింద ఇంకొకటి రాయి, అయితే అది నీ సర్వీసు రికార్డులోకి వెళుతుంది, ఆలోచించుకో అన్నారాయన. క్యాంటీన్‌కు వెళ్లి టీ తాగినంతసేపు నిజంగానే ఆలోచించాను. అంతసేపు ఆలోచించినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. తిరిగొచ్చి ‘కారణం: ఆపరేటర్‌కు సరైన శిక్షణ ఇవ్వకపోవడం’ అని రాసి, శిక్షణ ఇచ్చిన అధికారిగా నా పేరు వేశాను.

రత్నమ్మ ఉద్యోగం ఆ వారమే ఖాయమైంది. నా ప్రమోషన్ ఒక ఏడాది వెనక్కి పోయింది. అది సబబే.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, పని చెడుతున్న వేళకు ఆ చోటికి వెళ్లి, అక్కడి మనిషి ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో చూడకుండా కారణం గడి నింపలేదు. ఆ సర్వర్ కాలిపోకూడదని రోజూ ఒక కన్నేసి ఉంచిన ఒకే ఒక్క మనిషిని పట్టుకుని నేను నిర్లక్ష్యం అని రాశాను. కింద ఎంత రాసినా, పైనున్న ఆ వాక్యం మాత్రం చెరగలేదు.