గంజి పెట్టిన రాగి ఆకు

రేకు టీచరమ్మ తండ్రి ఇత్తడి బిందెలకు మాట్లు వేసేవాడు. తల్లి కుట్టుమిషను తొక్కేది. సుత్తి చప్పుడుకూ మిషను చప్పుడుకూ నడుమ పెరిగిన పిల్ల కనుక, గుడ్డనూ లోహాన్నీ వేరుచేసి చూడడం ఆమెకు అలవడలేదు. యాభై ఎనిమిదేళ్ల వయసులో, గ్రంథాలయం మేడమీది గదిలో, ఆమె పెద్దవాళ్లకు నేర్పే విద్యా అదే: నూలుగుడ్డతో ఆకు, రాగితీగతో దాని ఈనెలు.

చేరిన రోజున ప్రతివారూ పురుగు కొరికిన ఆకునొకదాన్ని తేవాలి. నున్నని ఆకు తెచ్చినవారిని మెట్లమీదనుంచే వెనక్కి పంపుతుంది. "చిల్లు లేనిదాన్ని ఎవరైనా కుడతారు. చిల్లు చుట్టూ కుట్టండి, అప్పుడు మాట్లాడదాం" అంటుంది. సుద్దముక్కను మాత్రం ఇంకొకరి చేతికి ఇచ్చిన పాపాన పోలేదు.

అలాంటి గదికి ఎసరు పెట్టారు. పాత పత్రికల కట్టలను అక్కడికి చేర్చాలని గ్రంథాలయాధికారిణి తలపెట్టింది. "హాలు గోడకు తగిలించదగ్గ పని ఒక్కటి చూపండి. శనివారం పదింటికి వస్తాను. నచ్చితే గది మీదే" అంది.

మూడు వారాలు అందరూ కలిసి రెండు మూరల తెల్లని ఆకును కుట్టారు. శుక్రవారం సాయంత్రం చివరి ముడి పడింది. కొన కొంచెం వాలింది. రేపు సరిచేద్దామని టీచరమ్మ వెళ్లిపోయింది.

మర్నాడు తొమ్మిదింటికి వచ్చి చూస్తే, ఈనెల వెంబడి ఆకంతా పచ్చటి మరకలు!

"ఎవరిదీ ఘనకార్యం?"

రిటైరైన బస్సు డ్రైవరు లేచి నిలబడ్డాడు. "నాదేనమ్మా. కొన వేలాడుతోందని నిన్న మీరు వెళ్లాక గంజి పెట్టాను. ఇంత ఉప్పు, ఇంత నిమ్మరసం కలిపి. ముప్పై ఏళ్లు నా యూనిఫారం అలాగే నిలబడింది."

"మీ యూనిఫారానికి రాగితీగలున్నాయా, డ్రైవరుగారూ?"

"లేవండి. గుండీలు కూడా ప్లాస్టిక్‌వే."

"ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూశారా అన్నయ్యా?" అని వెనక బెంచీలో కుడుతున్న నర్సమ్మ అడిగింది. అందరూ ఘొల్లుమన్నారు. టీచరమ్మకు నవ్వు రాలేదు. ఉప్పూ పులుపూ రాత్రంతా తగిలి రాగి చిలుము పట్టింది; అది గుడ్డలోకి ఇంకితే ఉతికినా పోదు.

పది కొట్టకముందే అధికారిణి మెట్లెక్కి వచ్చింది. కళ్లజోడు సవరించుకుని, ముక్కు ఆకుకు తగిలేంత దగ్గరగా వంగింది.

"ఎంత బాగుందండీ! రాతిమీద నాచు పాకినట్టుంది. ఈ పచ్చదనం కావాలని తెచ్చిందేనా?"

డ్రైవరు ఆమె వెనక నిలబడి, అవుననమని తల తెగ ఊపుతున్నాడు. గది దక్కాలంటే ఒక్క 'అవును' చాలు. కాని నలభై ఏళ్లుగా ఇతరుల వంకర కుట్లను విప్పించిన నోటికి ఆ మాట రాలేదు.

"కాదండీ. అది మా పొరపాటు."

అధికారిణి కళ్లజోడు తీసి తుడుచుకుంది. "హాల్లో ఎదుటి గోడ కూడా ఖాళీగానే ఉంది. ఈ పొరపాటును మళ్లీ చేయగలరా? చేస్తానంటే పత్రికలకు ఇంకో చోటు వెతుక్కుంటాను."

ఏది ఎంత కలపాలో టీచరమ్మకు తెలియదు. తెలిసినవాడు గదిలో ఒక్కడే. ఆమె సుద్దముక్కను ఒకసారి చూసుకుని, డ్రైవరు చేతిలో పెట్టి, వచ్చి ముందు బెంచీమీద కూర్చుంది.

"ముందుగా ఉప్పు, చిటికెడు..." అని అతడు మొదలుపెట్టాడు.

"చిటికెడంటే? ఎవరి చిటికెడు? సరిగ్గా చెప్పాలి."

"బండి నడుస్తుండగా డ్రైవరుతో మాట్లాడకూడదమ్మా."

టీచరమ్మ నోరు మూసుకుని, నోటు పుస్తకం తెరిచి, రాసుకోసాగింది.