కాక రేడియో వాల్వుల మీద నా ఊపిరి

శుక్రవారం పొద్దున ఇబ్రహీంపట్నం బస్టాండు ముందు చాయ్ తాగుతుంటే పక్కింటి కాక కోడలు ఫోన్ చేసింది. "అన్నా, మామ పోయిండు. నిద్రల్నే పోయిండు" అన్నది. ఎన్నో చావు ఇండ్లల్ల వాక్యం చెప్పినోన్ని. ఆ పూట చంకల గ్రంథం ఉన్నది గాని తెరవబుద్ధి కాలేదు.

ప్రియులారా, ఆయన మన సంఘం మనిషి కాదు. శనివారం వెంకన్నకు దండం పెట్టేటోడు. అయినా వినుడంటే ఏందో నాకు నేర్పింది ఆయనే. అందుకే ఈ నాలుగు మాటలు.

కాక వైర్‌లెస్ నౌకరి చేసి రిటైరైండు. ఇంట్ల ఒక పాత వాల్వుల రిసీవరు పెట్టుకున్నడు. పాటలు వినే రేడియో కాదది. దూరం నుంచి వచ్చే సన్నని సంకేతాన్ని పట్టేటందుకు చేసిన ఇనుప పెట్టె. ఇద్దరు పడితే గాని లేవదు. స్విచ్చి వేసినంక అరగంట ఊకె కూసుండాలె. లోపలి గాజు బుడ్లు, గవే వాల్వులు, బాగ వేడెక్కకముందే తిప్పితే, దొరికిన స్టేషను దొరికినట్టే జారిపోతది. ముందట రెండు డయల్లు. "మొదటిది ఊరి దాక తోల్కపోతది, రెండోది ఇంటి దర్వాజ కాడ దించుతది" అనేటోడు కాక.

నేను మైకు పట్టుకుంటే నాలుగు గల్లీలకు వినబడతది. ఒకనాడు కాక నన్ను ఆపి అడిగిండు. "ఏంరా బోధకా, మీ దేవుడు గంత దూరం రావిర్యాలల ఉంటడా? గంత గట్టిగ పిలుస్తవు?"

నాకు రోషమొచ్చింది. ఆయన నవ్వి లోపలికి తీసుకపోయి, రేడియో ముందట కూసోబెట్టిండు. అంతా గరగర మోత. నేను సౌండు పెంచబోతే చెయ్యి మీద ఒక్కటి వేసిండు. "సౌండు పెంచితే మోత గూడ పెరుగుతది. గది ఇడిసిపెట్టి గీ పక్క గుండీ తిప్పు. లోపలికొచ్చేదాన్నే తగ్గించు." తగ్గించిన. మోత అడుగుకు పోయింది. దాని మీద ఎక్కడిదో ఒక సన్నని కూత తేలింది. ఆ వారం నేను మైకు లేకుండ ప్రార్థన చేసిన. మీల కొందరు "అన్నకు గొంతు పోయిందా" అని అడిగిన్రు, యాదికుందా?

కాకకు ఆదివారం పొద్దున ఆరు గంటలంటే పానం. కోస్తా దిక్కు ఆయన పాత నౌకరి దోస్తు ఒకాయన ఉన్నడు. చెవులు పూర్తిగ పోయినయి, ఫోనుల మాట అందదు. చెయ్యి మాత్రం మరువలేదు. రేడియోల పంపే లైసెన్సు ఉంది గనుక ప్రతి ఆదివారం టెలిగ్రాం లెక్క టిక్కుటిక్కున మోర్సుల కాక కోసం కబుర్లు కొట్టేటోడు. కాక దగ్గర వినే పెట్టె తప్ప పంపే పెట్టె లేదు. ఒకాయన వినలేడు, ఇంకొకాయన పలకలేడు. గట్లనే ఏండ్లు నడిపిన్రు.

మొన్న ఎండాకాలం కాక ఊపిరి ఆడక దవాఖానల పడ్డడు. ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకపొమ్మన్నరు. ఆదివారం తన దోస్తును వినాలె, అదొక్కటే ఆయన అడిగింది. నేను సంబురపెడదామని, ఆయన వచ్చేలోపల రేడియో విప్పి, వాల్వులన్నీ పీకి సబ్బు బట్టతో అద్దాల్లెక్క తుడిచిన. బట్టకు తెల్లగ అంటుతుంటే మురికి పోతుందనుకున్న.

గురువారం కాక వచ్చి మంచం మీదికెళ్ళి చూసిండు. పదకొండు వాల్వులు వరుసగ మెరుస్తున్నయి. ఒక్కదాని మీద గూడ నంబరు లేదు.

"పేర్లు తుడిచినవారా?"

"మురికనుకున్న కాకా."

"ఎవలది ఏ గుంతనో తెల్వకుండ పెడితే కాలిపోతయి బిడ్డా." మళ్ళ అన్నడు: "మీ దేవుడు మనుషుల పేర్లు రాసుకునే బుక్కు నీ చేతికియ్యలే, గది నయం."

నేను మోకాళ్ళ మీద పడ్డ. "ఏడువకు. గాజు మీద ఊదు" అన్నడు. ఊదిన. "దీపం ఆర్పినట్టు గాదురా! చలికి చేతులు కాపుకుంటం సూడు, గట్ల."

గాజు మసకబారింది. ఆ మసకల పోయిన నంబరు నీడలెక్క లేచి, మూడు లెక్కపెట్టేలోపల మాయమైంది. ఆయనకు ఊదే ఊపిరి లేదు, నాకు చదివే నేర్పు లేదు. నేను ఊదుడు, ఆయన చదువుడు. దేవుడు మట్టికి ఊపిరి ఊదిన సంగతి వందసార్లు చెప్పిన నేను, ఊపిరి ఎంత మెత్తగ ఉండాల్నో ఆనాడు తెలుసుకున్న. చివరికి రెండు మిగిలినయి. ఎంత ఊదినా పలకలే. నేను ఊదుతనే ఉన్న. కాక చూసి చూసి, "రెండూ ఒక్కటే జాతిరా. ఏది యాడ పెట్టినా ఫికర్ లేదు" అన్నడు. ముందే చెప్పొచ్చు గదా!

ఆ ఆదివారం యాచారంల ప్రార్థనకు ఆలస్యంగ వస్తనని చెప్పి కాక పక్కన కూసున్న. ఆరింటికి టిక్కుటిక్కు మొదలైంది. కాక పెదవులు కదులుతున్నయి. "ఏమంటుండు కాకా?" అని అడిగిన. "మామిడికాయ తొక్కు పెట్టిండట. ఉప్పెక్కువైందట" అని కండ్లు తుడుచుకున్నడు. అట్ల ఇంకా మూడు ఆదివారాలు విన్నడు. ఆ టిక్కుటిక్కు చదువుడు నేర్పమని అడుగుదామనుకుంటనే ఉన్న.

చావు కబురు కార్డు మీద రాసి ఆ దోస్తుకు నేనే పోస్టు డబ్బాల వేసిన. నిన్నటి ఆదివారానికి అది చేరి ఉండదు. నేను పొయ్యేసరికి కోడలు అరగంట ముందే రేడియో వేసి ఉంచింది. ఆరింటికి ఆయన కొట్టుడు మొదలువెట్టిండు. కొట్టిన ప్రతిసారి రేడియో ముందట అద్దం కింద సంకేతం చూపే సూది లేస్తున్నది, పడుతున్నది. చానాసేపు చెప్పిండు. ఏం చెప్పిండో మా ఇద్దరికి తెల్వదు. ఆగినంక సూది మెల్లగ వెనక్కి వాలింది. కోడలు స్విచ్చి మీద చెయ్యి పెట్టి, అట్లనే నిలబడ్డది.