చిల్లు లేని పైసా

మొన్న మారేడ్‌పల్లిలో మా ఇంటి పక్క దుకాణంలో అరటిపళ్ళు కొని పదిరూపాయల బిళ్ళ ఇస్తే, అక్కడి కుర్రవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, నన్ను కూడా పైనుంచి కిందిదాకా చూసి, "ఇది నడ్వది తాతా, ఫోన్ల స్కాన్ కొట్టు" అన్నాడు. తొంభై దాటినవాణ్ణి దొంగ నాణేలు పోస్తున్నానని అనుమానించినందుకు కోపం రాలేదు. ఈ వయసులో నా చేతుల మీద అంత నమ్మకం ఉంచినవాడు మరొకడు లేడు. అలాంటి చూపు నేను ముందు చూసింది మా మేనమామ కళ్ళలో.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో సికింద్రాబాదులో ఇంగ్లీషువాళ్ళ కల్దారూ నిజాం హాలీ సిక్కా రెండూ తిరుగుతుండేవి, ఏ బిళ్ళనైనా రాతి మీద మోగించి చూడనిదే ఎవరూ పుచ్చుకునేవారు కాదు. అలా అందరూ వెనక్కి తోసేసినవే మా మామకు కావాలి. నడుమ చిల్లుండే రాగి పైసాల్లో చిల్లు పక్కకు జరిగినవి, అక్షరాలు రెండుసార్లు పడినవి వెతికి తెచ్చి, ఎదురింటి దర్జీ చాచా దగ్గర కూర్చుని, సూదిలో దారం ఎక్కించే ఆయన కళ్ళద్దాలతోనే పరీక్షించి, దండగా గుచ్చేవాడు. ఇద్దరికీ అదే పిచ్చి. ఒకసారి చాచాకు చిల్లరలో చిల్లే పడని పైసా దొరికితే, మామ తన దండలో సగం ఇచ్చి దాన్ని తీసుకున్నాడు. దండకు గుచ్చే వీలు లేదు గనుక వక్కల డబ్బాలో దాచాడు. నేను అప్పుడే చిన్న గుమాస్తా పనిలో చేరి వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి.

అంతలో, నలభై ఎనిమిదిలో, నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగింది. పేరుకు పోలీసులు, వచ్చింది సైన్యం. పేరులోనే అచ్చు తప్పు పడిందని నేనంటే మామ నవ్వలేదు. గల్లీలో ఎవరూ నవ్వడం లేదు. ఎవరింటికి ఎవరు వచ్చారు, ఎవరి దీపం ఎందుకు ఆరింది అని తలుపు సందుల్లోంచి చూడడమే అందరికీ పని. ఒకనాటి పొద్దున చాచా దుకాణానికి తాళం ఉంది, పెళ్ళాంపిల్లలతో సహా మనిషి లేడు, ఎవరితోనూ చెప్పలేదు. ఆ వారమే వక్కల డబ్బాలో పైసా కూడా లేదు.

మామ ఒకటికొకటి ముడిపెట్టేశాడు. "ప్రాణభయంతోని పోయేటోడు దారిఖర్చుకు ఒక్క పైస ఎత్తుకపోయిండా మామా?" అని నేను అడిగినందుకు ముందు నా జేబులు వెతికాడు, తర్వాత నా జోళ్ళు. చాచా దుకాణం ఎవరిదో ఆ ఇంటాయనకు ఈ సంగతి ఎలాగో తెలిసింది. ఆయనకు మల్గీ, అంటే ఆ దుకాణం గది, ఖాళీ అయితే చాలు. ఠాణాలో దొంగతనమని ఒక్క మాట చెప్పు, మిగిలింది వాళ్ళు చూసుకుంటారని మామను ఎగదోశాడు. ఆ రోజుల్లో అలాంటి ఒక్క మాటతో చాచాలాంటి ముసల్మాను లోపలికి పోతే మళ్ళీ ఎప్పుడు బయటికి వచ్చేది ఎవరికీ తెలియదు. ఇది మామకు తెలియదని కాదు; అయినా బయలుదేరాడు.

బయలుదేరితే టోపీ లేదు. టోపీ లేకుండా సర్కారు కచేరీ గుమ్మం ఎక్కడం అప్పటివాళ్ళకు ధోవతి లేకుండా పోవడంతో సమానం. ఇల్లంతా వెతికాం. "టోపీ సుత చాచానే ఎత్తుకపోయిండా?" అన్నాను. అత్తమ్మ పొయ్యి దగ్గరనుంచి కదలకుండా, "జెర శుక్రారం దాక ఆగుండ్రి, అదే దొరుకుతది" అంది. అప్పటినుంచి మామ ఆమెను కూడా అనుమానంగానే చూశాడు. ఈ ఒక్కసారి ఆయన అనుమానం సరైనదే.

శుక్రవారానికి ముందే చాచా మల్కాజ్‌గిరిలో చుట్టాలింటినుంచి పెళ్ళాంపిల్లలతో క్షేమంగా తిరిగొచ్చి దుకాణం తెరిచాడు. అత్తమ్మ లోపలికి వెళ్ళి ఒక చేత్తో టోపీ, ఇంకో చేత్తో పసుపు గుడ్డ ముడుపు తెచ్చింది. చాచా కుటుంబం చల్లగా తిరిగి రావాలని అమ్మవారికి మొక్కిందట. మొక్కు తీరేదాకా బయటికి చెప్పకూడదట. మామ, ఇంట్లో ఇన్ని పైసలుండగా అదే ఎందుకని అడిగాడు.

"చిల్లు పైసతోని ముడుపు కడ్తరా ఎవరన్న?"

చాచా ముడుపు వంక, మామ మొహం వంక చూసి, "భాభీ, తల్లికి ఇంకో పైస వేస్తే వద్దంటదా" అని మెల్లగా అన్నాడు. అత్తమ్మ చూసిన చూపుకు నాలుక్కరుచుకున్నాడు. మామ టోపీ పెట్టుకుని, మా ఇద్దరినీ వెంటబెట్టుకుని గుడికి వెళ్ళి, తన చేతులతోనే ముడుపు హుండీలో వేశాడు. చాచా బయట మా జోళ్ళ దగ్గర నిలబడ్డాడు. తిరిగొచ్చేటప్పుడు చాచా, "నువ్వు ఠాణాల నా పేరు చెప్తవని నాకు అనుమానముండె భాయ్, అందుకే చెప్పకుండ పోయిన" అన్నాడు. ఆపైన, పైసా పోయిందని మామ ఎవరిని అనుమానించాడని అడిగాడు.

మామ నా వైపు చూపించాడు. నేను తల వంచుకున్నాను. మా ఇంట్లో అచ్చు తప్పు లేకుండా పడింది ఆ అబద్ధం ఒక్కటే.

వాళ్ళిద్దరూ పోయి చాలా ఏళ్ళయింది. ఆ దండ ఎవరి చేతికి పోయిందో తెలియదు. ఇప్పుడు ఎవరి డబ్బు మంచిదో గల్లా పక్కనున్న డబ్బా పైకి అరిచి చెబుతుంది. దానికోసం ఒకరి కళ్ళద్దాలు ఒకరు అడిగి పుచ్చుకోనక్కరలేదు. కుర్రవాడు వద్దన్న బిళ్ళను ఇంటికి తెచ్చి కిటికీ దగ్గర చాలాసేపు తిప్పి చూశాను. ఎక్కడా ఏ తప్పూ లేదు. మామ కూడా దాన్ని పుచ్చుకునేవాడు కాదు.